కలర్ ప్రింటర్‌కి పిన్ పెట్టినా ఎవురు బడితే వాళ్లు ప్రింట్ కొడతా ఉండారు, ఏం చేయాల?

తోతాపురి_ఆఫీసు, చిత్తూరు

అన్నలకి నమస్తే. మాది చిత్తూరు పక్కన మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. నేను ఆఫీసులో అకౌంట్సు చూస్తా, ఐటీ అని వేరే మనిషి లేడు, టాలీ వచ్చు గదా అని కంప్యూటర్లు గూడా ఓనరు నా నెత్తినే పెట్టినాడు.

ఆఫీసులో ఒక కలర్ జిరాక్స్ మిషను ఉండాది, క్యానన్ ఇమేజ్‌రన్నర్, బాడుగది, నెలకొకసారి మీటర్ రీడింగ్ తీసుకుని కాపీకి ఇంత అని బిల్లు ఏస్తారు. లాన్ కేబుల్ పెట్టి రౌటర్‌కి కలిపినారు, ఐపీ 192.168.1.50, అన్ని సిస్టాలూ డైరెక్టుగా ఆ ఐపీకే ప్రింట్ కొడతాయి. సర్వర్ లేదు, డొమైన్ (అందరి లాగిన్లూ ఒకే చోట పెట్టే ఏర్పాటు) లేదు. సిస్టాలు పదిహేను దాకా ఉంటాయి, కొన్నిట్లో విండోస్ హోమ్, కొన్నిట్లో ప్రో.

సీజన్ లేనప్పుడు ఏ బాధా లేదు. జూన్, జూలై వస్తే కాటా కాడ, గేటు కాడ, డిస్పాచ్‌లో టెంపరరీ పిల్లోళ్లు దిగతారు, వైఫై పాస్‌వర్డ్ లారీ డ్రైవర్లకి గూడా తెలుసు, ఇంక చూడండి, హాల్ టికెట్లు, పెండ్లి పత్రిక డిజైన్లు, బావమరిది బయోడేటా, అన్నీ కలర్‌లోనే. సరే బిల్లు సంగతి ఓనరు చూసుకుంటాడు, నా భయం అది కాదు. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు అని తేలినాక రైతుల లిస్టులు ఎన్నిసార్లు ప్రింట్ తీయాల్సొచ్చిందో లెక్కలేదు, పేరు, ఊరు, ఎన్ని టన్నులు, ఆధార్, బ్యాంక్ ఖాతా అన్నీ ఒకే షీటులో ఉంటాయి. నేను కొట్టి అక్కడికి పోయే లోపల ఎవుడో వాడి హాల్ టికెట్ కోసం వచ్చి మన లిస్టు చేతిలో పట్టుకోని చదవతా ఉంటాడు. ఒక పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో గూడా తిప్పినారు, ఎవురో ఇప్పటికీ తెలీదు.

బాడుగ కంపెనీ టెక్నీషియన్‌ని పిలిస్తే డిపార్ట్‌మెంట్ ఐడీ అని ఆన్ చేసి అకౌంట్స్‌కి ఒకటి, డిస్పాచ్‌కి ఒకటి, స్టోర్స్‌కి ఒకటి పిన్ ఇచ్చి పోయినాడు. ఇప్పుడు మిషను కాడ జిరాక్స్ తీయాలంటే ఐడీ, పిన్ అడగతాది. సిస్టంలో నుంచి ప్రింట్ కొడితే మాత్రం ఏమీ అడగదు, సల్లగా వచ్చేస్తాది. ఫోన్ చేసి అడిగితే "పిన్ అనేది కాపీకి మాత్రమే సార్, ప్రింటుకి రాదు" అన్నాడు. నిజమేనా ఇది?

కొత్తగా సర్వర్ కొనే పరిస్థితి లేదు, పాత ప్రో సిస్టం ఒకటి ఖాళీగా ఉంది కావాలంటే. కలర్ ఇద్దరు ముగ్గురికే ఉండాల, లిస్టులు ట్రేలో పడి ఉండకూడదు, ఎవురు ఎన్ని కొట్టినారో తెలియాల. చెప్పండి.


టోనర్_తమ్ముడు, తిరుపతి

అన్నా నేను కాపియర్ సర్వీస్ లైన్‌లోనే ఉండా, కొర్లగుంట నుంచి రేణిగుంట దాకా ఈ మిషన్లే తిరగతా ఉంటా. ప్రింటుకి రాదు అనేది తప్పు. వస్తుంది, ఒక టిక్కు తీయాల అంతే.

నీ సిస్టంలో బ్రౌజర్ తెరిచి మిషను ఐపీ కొట్టు, రిమోట్ యూఐ (మిషను సెట్టింగ్స్ పేజీ) వస్తుంది, సిస్టం మేనేజర్‌గా లాగిన్ అయ్యి డిపార్ట్‌మెంట్ ఐడీ మేనేజ్‌మెంట్ పేజీకి పో. అక్కడ "అలౌ ప్రింటర్ జాబ్స్ విత్ అన్‌నోన్ ఐడీస్" అని ఒకటి ఉంటుంది, పేరు మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ మారచ్చు. అది ఆన్‌లో ఉంటే ఐడీ లేకుండా వచ్చే ప్రింట్ జాబ్‌ని గూడా మిషను రానిస్తుంది. కాపీకి పిన్ అడిగి ప్రింటుకి అడగకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం ఇదే, ఐడీలు పెట్టి ఈ టిక్కు మర్చిపోయి వెళ్ళిపోతారు. లేదా తెలిసే వదిలేస్తారు, ఎందుకంటే అది తీసేసిన మరుక్షణం ఆఫీసులో ఉన్న ప్రతి సిస్టం నుంచీ ప్రింట్లు ఆగిపోతాయి, మళ్ళీ మాకే ఫోన్లు వస్తాయి 😀

అందుకే ముందు సిస్టాల్లో ఉండే ప్రింటర్ డ్రైవర్లు (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) సరిచెయ్యి, ఆ తర్వాతే టిక్కు తియ్యి. ప్రతి సిస్టంలో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి డివైజ్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో యూజర్ మేనేజ్‌మెంట్ అనే చోట డిపార్ట్‌మెంట్ ఐడీ మేనేజ్‌మెంట్ ఎంచుకో, పక్కన సెట్టింగ్స్‌లో ఆ సెక్షన్ ఐడీ, పిన్ కొట్టు. అక్కడే "ప్రింట్ చేసేటప్పుడు కన్ఫర్మ్ చెయ్యి" అనేది ఉంటుంది, అది పెడితే ప్రతిసారీ పిన్ అడుగుతుంది, పెట్టకపోతే డ్రైవర్‌లో సేవ్ అయిన పిన్‌తోనే పోతుంది. పది మంది కూర్చునే సిస్టం అయితే అడిగేట్టు పెట్టు, ఒక్కరే వాడే సిస్టం అయితే సేవ్ చేసుకోనీ.

కలర్‌కి అదే పేజీలో ఒక్కో ఐడీకి పేజ్ లిమిట్ ఉంటుంది, కలర్‌కి వేరే, బ్లాక్ అండ్ వైట్‌కి వేరే. డిస్పాచ్‌కి కలర్ లిమిట్ సున్నా పెట్టేస్తే పెండ్లి పత్రికలు ఆడికాడికి ఆగిపోతాయి. ఏ ఐడీ మీద ఎన్ని పేజీలు పోయినాయో కౌంట్ గూడా అక్కడే కనపడుతుంది.

ఇంకోటి, సిస్టం మేనేజర్ ఐడీ, పిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే ఉన్నాయేమో చూడు. అవి గూగుల్‌లో కొడితే దొరుకుతాయి. అది మార్చకుండా మిగతాది ఎంత చేసినా దండగ, మిషను గురించి కొంచెం తెలిసిన పిల్లోడు రెండు నిమిషాల్లో వాడి సెక్షన్‌కి కలర్ తెరుచుకుంటాడు. మార్చినాక కొత్తది బాడుగ కంపెనీ వాళ్లకి చెప్పాలా వద్దా అనేది అగ్రిమెంట్‌ని బట్టి, మామూలుగా మేము వచ్చినప్పుడు కస్టమరే కొట్టిస్తే సరిపోతుంది.


గంగమ్మ_జాతర_బ్యాచ్

ఇంత రామాయణం ఎందుకు బ్రో, మిషను తీసుకుపోయి మేనేజర్ రూమ్‌లో పెట్టి తాళం ఏసుకోండి. ఎవడికి కావాలన్నా అడిగి తీసుకుంటాడు.


తోతాపురి_ఆఫీసు, చిత్తూరు

మేనేజర్ రూమ్‌లో పెడితే రోజుకి వంద సార్లు తలుపు తట్టాల బ్రో, సీజన్‌లో ఆయన అసలు రూమ్‌లోనే ఉండడు, ఫ్యాక్టరీ లోపల ఉంటాడు.

టోనర్ తమ్ముడూ థాంక్స్, ఆ టిక్కు నిజంగానే ఆన్‌లో ఉంది!! రేపు డ్రైవర్లు మొదలుపెడతా.


సర్వర్_రూమ్_సామి, తిరుపతి

తమ్ముడు చెప్పింది కరెక్టే గానీ అక్కడితో ఆగకండి. నేను ఒక కాలేజీలో ల్యాబ్‌లూ నెట్‌వర్కూ చూస్తాను, ప్రింటర్ విషయంలో అందరూ చేసేది ఏంటంటే ఒక దారి మూసి అయిపోయింది అనుకుంటారు, ముందు గేటుకి తాళం ఏసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్టు. నెట్‌వర్క్ ప్రింటర్‌కి దారులు చాలా ఉంటాయి. విండోస్ మామూలుగా కొట్టేది 9100 పోర్టుకి, ఎల్‌పీడీ అయితే 515, ఐపీపీ అయితే 631, ఇవి కాక డబ్ల్యూఎస్‌డీ, ఎఫ్‌టీపీ, మొబైల్ వాళ్లకి ఎయిర్‌ప్రింట్, మోప్రియా, మిషన్‌లో వైఫై డైరెక్ట్ ఉంటే అది, ముందర పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ అది ఇంకోటి. మీరు వాడేది ఒకటో రెండో, మిగతావన్నీ రిమోట్ యూఐలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి పోయి ఆఫ్ చేసేయండి, పనికి ఏ అడ్డమూ రాదు.

తర్వాత అసలు పని. మీ దగ్గర పాత ప్రో సిస్టం ఖాళీగా ఉంది అన్నారు కదా, దాన్నే ప్రింట్ సర్వర్ చేయండి. ప్రో అంటే ఒకేసారి 20 డివైజ్‌ల దాకా కనెక్ట్ అవ్వచ్చు, మీకు చాలు. విండోస్ 10 అయితే మాత్రం 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, 11 ఎక్కితే ఎక్కించండి. మిషన్‌ని ఆ ఒక్క సిస్టంలో ఇన్‌స్టాల్ చేసి రెండు పేర్లతో షేర్ చేయండి, ఒకటి బ్లాక్ అండ్ వైట్, ఒకటి కలర్, మిషను ఒకటే అయినా రెండు ప్రింటర్లుగా కనపడతాయి, మొదటి దాంట్లో డ్రైవర్ డీఫాల్ట్ బ్లాక్ అండ్ వైట్ పెట్టండి. ఇప్పుడు కలర్ దాని ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కి పోతే ఎవ్రీవన్ అనే దానికి ప్రింట్ పర్మిషన్ ఉంటుంది, దాన్ని తీసేసి కలర్ అవసరమైన వాళ్ల గ్రూప్‌ని కలపండి. ఎవ్రీవన్‌కి డినై మాత్రం పెట్టకండి, డినై అనేది అలౌని తొక్కేస్తుంది, మీతో సహా ఎవరికీ రాదు. బ్లాక్ అండ్ వైట్ దాంట్లో డీఫాల్ట్ మార్చుకుని కలర్ కొట్టే తెలివైనోడు ఉంటాడు, వాడికి తమ్ముడు చెప్పిన కలర్ లిమిట్ సున్నానే మందు, రెండూ ఉండాలి.

డొమైన్ లేదు కాబట్టి యూజర్లని సర్వర్ సిస్టంలోనే క్రియేట్ చేయాలి. కిటుకు ఏంటంటే అకౌంట్స్ సిస్టంలో లాగిన్ పేరూ పాస్‌వర్డూ ఏవి ఉన్నాయో సర్వర్‌లోనూ అవే పేరు, అవే పాస్‌వర్డ్ పెడితే అడగకుండా కనెక్ట్ అయిపోతుంది. హోమ్ సిస్టాలు కూడా క్లయింట్‌గా (అంటే సర్వర్‌కి కనెక్ట్ అయ్యే సిస్టంగా) బాగానే పనిచేస్తాయి. కానీ పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న యూజర్ని విండోస్ నెట్‌వర్క్ మీద రానివ్వదు, మన ఆఫీసుల్లో సగం సిస్టాలకి పాస్‌వర్డే ఉండదు కదా, అక్కడ ఇరుక్కుంటారు, ముందు అవి పెట్టించండి. షేర్ చేసిన ప్రింటర్‌ని క్లయింట్‌లో కలిపేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే కంగారు పడకండి, 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని విండోస్‌లో ప్రింట్లు చూసుకునే స్పూలర్ అనే భాగంలో పెద్ద బొక్క బయటపడ్డాక ఆ ఆగస్టు అప్‌డేట్ నుంచి డ్రైవర్ ఎక్కాలంటే అడ్మిన్ ఉండాల్సిందే. అది అడగకుండా చేసే రిజిస్ట్రీ చిట్కాలు యూట్యూబ్‌లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు.

ఇదంతా చేసినా కూడా 192.168.1.50 తెలిసినోడు వాడి ల్యాప్‌టాప్‌లో ఆ ఐపీ కొట్టి డైరెక్టుగా ప్రింటర్ యాడ్ చేసుకుంటే మీ సర్వరూ, సెక్యూరిటీ ట్యాబూ అన్నీ గాలికే. కాబట్టి ఆఖర్న మిషన్‌లోనే ఫైర్‌వాల్ పెట్టాలి, రిమోట్ యూఐలో నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద ఐపీవీ4 అడ్రస్ ఫిల్టర్ ఉంటుంది, అందులో ఆర్ఎక్స్ ఫిల్టర్ అంటే లోపలికి వచ్చేవి, దాని డీఫాల్ట్ పాలసీ రిజెక్ట్ పెట్టి, ఎక్సెప్షన్‌లో సర్వర్ ఐపీ, మీరు అడ్మిన్ పని చేసే సిస్టం ఐపీ, ఈ రెండే పెట్టండి. ముందు ఎక్సెప్షన్లు, తర్వాత రిజెక్ట్, ఈ వరస తిప్పితే బ్రౌజర్ మీకే మూసుకుపోతుంది, అప్పుడు మిషను ప్యానెల్ ముందు నిలబడి సరిచేసుకోవాలి. ఈ రెండు సిస్టాలకీ ఐపీ మారకుండా రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ ఇవ్వండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐపీ మారి ప్రింట్ ఆగిందని గోల.

ఐపీ ఫిల్టర్‌ని కూడా ఏమార్చొచ్చు, సర్వర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని ఐపీ పెట్టుకుని కూర్చునేవాడు ఉంటే వస్తుంది. మీ కాటా పిల్లోళ్లు అంత దూరం పోరు అనుకుంటా. కానీ లారీ డ్రైవర్లకి వైఫై పాస్‌వర్డ్ తెలుసు అన్నారే, అది నన్ను ఎక్కువ భయపెట్టింది. ఈరోజే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి వాళ్లందరినీ అటు తోసేయండి, లోపలి వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి. మామూలు రౌటర్లలో కూడా గెస్ట్ నుంచి లోపలి లాన్‌కి దారి ఉండకుండా ఆప్షన్ ఉంటుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) ఏమైనా మిషను వైపు ఉందేమో కూడా చూడండి. 2018 నవంబర్‌లో ఒకడు 9100 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ప్రింటర్లని వెతికి ఒక యూట్యూబ్ ఛానల్‌కి సబ్‌స్క్రైబ్ చేయండి అని దాదాపు 50 వేల ప్రింటర్లకి కాగితాలు కొట్టించాడు. వాడు వాటిలోకి ఏదో పగలగొట్టుకుని పోలేదు, తలుపులు తీసే ఉన్నాయి.

ఎవరు ఎన్ని కొట్టారు అనేదానికి సర్వర్ సిస్టంలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి ప్రింట్‌సర్వీస్ కింద ఆపరేషనల్ లాగ్‌ని ఎనేబుల్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ప్రతి ప్రింటుకీ 307 నంబర్ ఈవెంట్ పడుతుంది, యూజర్ ఎవరు, ఏ సిస్టం, ఎన్ని పేజీలు అని. ఫైల్ పేరు కూడా కావాలంటే గ్రూప్ పాలసీలో ఇంకో సెట్టింగ్ ఆన్ చేయాలి. ఒక్కో ఐడీకి కౌంట్ మిషన్‌లోనూ ఉంటుంది కాబట్టి నెలాఖర్న మీటర్ బిల్లు వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.


తోతాపురి_ఆఫీసు, చిత్తూరు

సామీ ఇంత ఓపికగా రాసినందుకు శానా థాంక్స్. గెస్ట్ వైఫై అయితే చదవతానే పెట్టేసినా, డ్రైవర్లకి కొత్త పాస్‌వర్డ్ గేటు కాడ అతికించినా.

రెండు డౌట్లు. టాలీలో పేమెంట్ వోచర్లు ఒకేసారి వందా నూటయాభై కొడతాం, కన్ఫర్మ్ పెట్టిన సిస్టంలో ఒక్కో వోచర్‌కీ పిన్ బాక్స్ లేస్తా ఉంది, మా అమ్మాయి ఏడుపు మొగం పెట్టింది. కాటా స్లిప్పులకి ఇబ్బంది లేదు, అది వేరే డాట్ మ్యాట్రిక్స్, యూఎస్‌బీ మీద నడస్తాది. రెండోది ఓనరు ఫోన్ నుంచి ప్రింట్ కొడతాడు, ఎయిర్‌ప్రింట్ అది ఆఫ్ చేస్తే ఆయన ఊరుకోడు.

ఇంకా ట్రేలో లిస్టులు పడి ఉండే సంగతి ఎవురూ చెప్పలేదు.


లెక్కల_అక్క, తిరుపతి

తమ్ముడూ నేను బాలాజీ కాలనీ వైపు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను, మాకు ఈ ట్రే బాధ మీకంటే ఎక్కువ, ఒక క్లయింట్ బ్యాలెన్స్ షీట్ ఇంకో క్లయింట్ చేతికి పోతే ఏమవుతుందో ఆలోచించు. మేము చేసింది సెక్యూర్డ్ ప్రింట్. డ్రైవర్‌లో ప్రింట్ కొట్టేటప్పుడు అవుట్‌పుట్ మెథడ్ అనే చోట మామూలు ప్రింట్ బదులు సెక్యూర్డ్ ప్రింట్ ఎంచుకుంటే నువ్వు ఒక పిన్ ఇస్తావు, జాబ్ మిషన్‌లోకి పోయి అక్కడే ఆగుతుంది, నువ్వు లేచి పోయి ప్యానెల్ మీద నీ జాబ్ ఎంచుకుని అదే పిన్ కొడితేనే కాగితం బయటికి వస్తుంది. డిపార్ట్‌మెంట్ పిన్ వేరే, ఇది వేరే, రెండూ కలిపేసుకోవద్దు. కైయోసెరాలో దీన్నే ప్రైవేట్ ప్రింట్ అంటారు, రికోలో లాక్డ్ ప్రింట్, పని ఒకటే.

మొదట్లో మా వాళ్లు కూడా గొణిగారు, లేచి పోవాలి, పిన్ కొట్టాలి అని. నేను అందరికీ పెట్టలేదు, డ్రైవర్ ప్రిఫరెన్సెస్‌లో సీక్రెట్ లిస్టు అని ఒక ప్రొఫైల్ చేసి పెట్టాను, రిటర్నులూ బ్యాలెన్స్ షీట్లూ అయితే అది ఎంచుకుని కొడతారు, మామూలు లెటర్లు మామూలుగానే పోతాయి. ఒక లాభం చెప్పనా, కొట్టి మర్చిపోయే కాగితాలు సగం తగ్గిపోయాయి, పోయి పిన్ కొట్టేంత అవసరం లేనివి అసలు ఎవరూ తీసుకోవట్లేదు.

మా ఇంకో బ్రాంచిలో బ్రదర్ చిన్న మిషను ఉంది, దాంట్లో సెక్యూర్ ఫంక్షన్ లాక్ అని ఉంటుంది, ఎవరికి కాపీ, ఎవరికి స్కాన్, ఎవరికి ప్రింట్ అని ఒక్కొక్కరికీ టిక్కులు పెట్టొచ్చు. సిస్టం నుంచి వచ్చే ప్రింట్లని విండోస్ లాగిన్ పేరు చూసి గుర్తుపడుతుంది. పేరే చూస్తుంది, పాస్‌వర్డ్ కాదు, అంటే ఎవరైనా సిస్టంలో ఆ పేరుతో ఒక యూజర్ చేసుకుంటే వాళ్లకీ వచ్చేస్తుంది. చిన్న ఆఫీసుకి చాలు గానీ దాన్ని నమ్మి ఖాతా నంబర్ల లిస్టులు వదలకూడదు.

టాలీ సంగతి, ఆ అమ్మాయి సిస్టం ఆమె ఒక్కతే వాడుతుంది కదా, కన్ఫర్మ్ తీసేసి పిన్ డ్రైవర్‌లో సేవ్ చేసేయ్, సీట్లోంచి లేచినప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి కొట్టి లాక్ చేసి పొమ్మను. అది అలవాటు చేయడమే అన్నిటికంటే కష్టం, సాఫ్ట్‌వేర్ ఏదీ కాదు.


టోనర్_తమ్ముడు, తిరుపతి

అక్క చెప్పింది కరెక్ట్. సెక్యూర్డ్ ప్రింట్‌లో తీసుకోకుండా వదిలేసిన జాబ్‌లు కొంతసేపటికి వాటంతటవే డిలీట్ అయ్యేట్టు టైమ్ పెట్టు అన్నా, లేకపోతే మిషన్ లోపల అవే పోగయి ఉంటాయి. పెద్ద మోడల్స్‌లో ఫోర్స్‌డ్ హోల్డ్ ప్రింటింగ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే డ్రైవర్‌లో ఎవరు ఏం ఎంచుకున్నా అన్ని జాబ్‌లూ ఆగాల్సిందే. నీ మోడల్‌లో ఉందో లేదో మెనూలో చూడు.

ఓనరు ఫోన్‌కి సామి చెప్పిన ఫిల్టర్‌లో ఆయన ఫోన్ ఐపీ ఒక్కటి ఎక్సెప్షన్‌గా కలుపు, రౌటర్‌లో ఆ ఫోన్‌కి గూడా రిజర్వేషన్ ఇవ్వు. ఈ కాలం ఫోన్లు వైఫైలో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్) మార్చి చూపిస్తాయి, ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో మీ ఆఫీసు నెట్‌వర్క్ వరకు ఆ రాండమ్ మ్యాక్ ఆఫ్ చెయ్యి, లేకపోతే రిజర్వేషన్ నిలబడదు. అయితే అన్‌నోన్ ఐడీ టిక్కు తీసేసినాక ఎయిర్‌ప్రింట్‌తో వచ్చేది ఐడీ లేదని ఆగిపోవచ్చు, అప్పుడు ఆయన ఫోన్‌లో క్యానన్ ప్రింట్ యాప్ వేసి దాంట్లో డిపార్ట్‌మెంట్ ఐడీ కొట్టిస్తే సరి. లేదంటే ఓనర్ల కోసం మేమంతా చేసే పని ఒకటుంది, ఫైల్ వాట్సాప్‌లో నీకు పంపమని చెప్పు 😀


పెంగ్విన్_మామ

విండోస్ లైసెన్సు గోల వద్దనుకుంటే ఆ పాత సిస్టంలో లినక్స్ ఎక్కించి కప్స్ అనే ప్రింట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు, ఫ్రీ. ఒక్కో ప్రింటర్‌కి ఏ యూజర్లు, ఏ గ్రూపులు కొట్టొచ్చు అనేది ఎల్‌పీఅడ్మిన్ కమాండ్‌తో ఒక్క లైన్‌లో పెట్టొచ్చు, రోజుకో వారానికో ఇన్ని పేజీలు అని కోటా కూడా ఉంది, పేజ్‌లాగ్ అనే ఫైల్‌లో యూజర్ వారీగా లెక్క పడుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, యూజర్ లిస్టు మాత్రమే పెట్టి ఆథెంటికేషన్ (పాస్‌వర్డ్ అడగడం) పెట్టకపోతే అవతలి సిస్టం నేను ఫలానా అని ఏ పేరు చెప్తే కప్స్ అదే నమ్ముతుంది, బ్రదర్ మిషన్ గురించి అక్క చెప్పిందే ఇక్కడా. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ ప్రింటర్ల లొకేషన్‌కి ఆథ్‌టైప్ బేసిక్ పెట్టి ఎన్‌క్రిప్షన్ రిక్వయిర్డ్ అని రాయాలి, ఎన్‌క్రిప్షన్ లేకపోతే పాస్‌వర్డ్‌లు వైర్ మీద తేటగా కనపడతాయి. ఆఫీసులో లినక్స్ చూసేవాళ్ళు ఎవరూ లేకపోతే మాత్రం దీని జోలికి రావద్దు, మీరు లీవ్ పెట్టిన రోజు ప్రింట్ ఆగితే నన్ను తిట్టుకుంటారు.


తోతాపురి_ఆఫీసు, చిత్తూరు

అప్‌డేట్. లినక్స్ నాకు రాదు మామా, విండోస్‌లోనే పెట్టినా. పాత సిస్టంలో రెండు షేర్లు చేసి, యూజర్లందరికీ పాస్‌వర్డ్‌లు పెట్టించి (దీనికే ఎక్కువ టైమ్ పట్టింది, ఒకాయన పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కే అంటించినాడు, దాన్ని పీకించినా), డ్రైవర్‌లో ఐడీలు కొట్టి, ఆఖర్న అన్‌నోన్ ఐడీ టిక్కు తీసేసినా. డిస్పాచ్‌కి కలర్ సున్నా. రైతుల లిస్టులు నేనూ మా అమ్మాయీ సెక్యూర్డ్ ప్రింట్‌లోనే కొడతాం ఇంక.

ఫిల్టర్ రిజెక్ట్ పెట్టినాక ఒక తమాషా జరిగింది, పాతగా డైరెక్ట్ ఐపీకి కొట్టే ప్రింటర్ ఐకాన్లు కొన్ని సిస్టాల్లో తీయకుండా ఉండిపోయినాయి, అవి కొడితే ఆఫ్‌లైన్ అని చూపిస్తా క్యూలో నిలిచిపోతాయి, మిషను చెడిపోయింది అని గోల చేసినారు. ఆ ఐకాన్లన్నీ డిలీట్ చేసినా. సర్వర్ సిస్టంలో గూడా ఒకసారి ఆఫ్‌లైన్ చూపించింది, మిషన్‌కి మాత్రం పింగ్ పోతా ఉంది, అది ఏందో అర్థం కాలేదు.

ఇంకోటి అడగల్ల. ఈ మిషను బాడుగ అగ్రిమెంట్ త్వరలో అయిపోతా ఉండాది, వాపసు తీసుకుపోతారు. ఆ లిస్టులన్నీ లోపల ఉంటాయా?


సర్వర్_రూమ్_సామి, తిరుపతి

ఆఫ్‌లైన్ సంగతి ఎస్‌ఎన్‌ఎంపీ. సర్వర్‌లో ఆ ప్రింటర్ పోర్ట్ కాన్ఫిగర్ తెరిస్తే ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అని టిక్కు ఉంటుంది, విండోస్ ప్రింటర్ బతికి ఉందా లేదా అని దాని ద్వారానే అడుగుతుంది, మీరు మిషన్‌లో అక్కర్లేనివి ఆఫ్ చేసేటప్పుడు ఎస్‌ఎన్‌ఎంపీ కూడా ఆఫ్ చేసినట్టున్నారు, జవాబు రాకపోయేసరికి ఆఫ్‌లైన్ అనుకుంటుంది. పోర్ట్‌లో ఆ టిక్కు తీసేయండి, సరిపోతుంది. మళ్ళీ ఎస్‌ఎన్‌ఎంపీ ఆన్ చేయాల్సొస్తే కమ్యూనిటీ పేరు (దానికి పాస్‌వర్డ్ లాంటిది) పబ్లిక్ అని వదలకండి.


టోనర్_తమ్ముడు, తిరుపతి

ఉంటాయా అంటే ఉండొచ్చు అన్నా. డిస్కు ఉండే మోడల్‌లో ప్రింట్, స్కాన్, కాపీ అన్నీ లోపల ఒకసారి రాసుకునే బయటికి వస్తాయి, మిషను లోపలి మెయిల్‌బాక్స్‌లో సేవ్ చేసినవి, అడ్రస్ బుక్, స్కాన్ టు ఫోల్డర్ కోసం ఇచ్చిన మీ సిస్టం యూజర్ పాస్‌వర్డ్, ఇవన్నీ అందులోనే ఉంటాయి. ఆ మిషను రేపు మదనపల్లిలోనో పలమనేరులోనో ఇంకో ఆఫీసుకి బాడుగకి పోతుంది. మెనూలో "ఇనిషియలైజ్ ఆల్ డేటా సెట్టింగ్స్" అని ఉంటుంది, అది నడిపించే ముందు మీటర్ రీడింగ్ పేజీ ప్రింట్ తీసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, ఆఖరి బిల్లు దగ్గర గొడవ రాకుండా. అది అయ్యేదాకా నువ్వు అక్కడే ఉండు, ఆటో ఎక్కించే తొందర్లో "గోడౌన్‌లో చేస్తాం లే సార్" అంటే ఒప్పుకోవద్దు. డేటా చెరిపి ఇచ్చినట్టు వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకో, ఆధార్, ఖాతా నంబర్ల లిస్టులు కాబట్టి 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చినాక దాని కింద జవాబు చెప్పాల్సింది మీ ఫ్యాక్టరీనే, బాడుగ కంపెనీ అని తప్పించుకోవడానికి లేదు.

కొత్త మిషను వచ్చిన రోజే ఆ టిక్కు చూడు, అది మళ్ళీ ఆన్‌లోనే వస్తుంది.


లెక్కల_అక్క, తిరుపతి

స్కాన్ టు ఫోల్డర్ కోసం నీ అడ్మిన్ లాగిన్ ఇచ్చి ఉంటే ఇప్పుడే మార్చేయ్ తమ్ముడూ, మిషను పోయేదాకా ఆగొద్దు. సర్వర్‌లో స్కాన్ అని ఒక చిన్న యూజర్ చేసి ఆ ఒక్క ఫోల్డర్‌కే రాసే పర్మిషన్ ఇవ్వు.


తోతాపురి_ఆఫీసు, చిత్తూరు

అడ్మిన్ లాగినే ఉంది అక్కా, ఆ టెక్నీషియన్ కొట్టిపోయింది. ఇప్పుడే మారుస్తా ఉండా. సామీ ఆ ఎస్‌ఎన్‌ఎంపీ టిక్కు తీస్తే ఆఫ్‌లైన్ పోయింది.